ఆరో నంబరు కాలు

ఎడమకాలు దూరింది. కుడికాలు దూరలేదు. పొద్దున ఇదే షూలోకి రెండుసార్లు దూరిన కాలు ఇప్పుడు సగం దాకా వెళ్లి బొటనవేలి కణుపు దగ్గర ఆగిపోయింది. జోస్నా మడమ వెనక ఉన్న పట్టీలలో వేళ్లు దూర్చి, పళ్లు బిగపట్టి ఇంకోసారి లాగింది. నొప్పి మోకాలి దగ్గరా నడుము దగ్గరా ఆగకుండా నేరుగా కళ్లలోకి వచ్చింది. వదిలేసింది. ఎర్ర షూ సగం కాలికి వేలాడుతుండగా గోడకు ఆనుకుని కూర్చుంది. ఎల్బీ నగర్ చౌరస్తా దాటాక, ఒకప్పుడు గ్రానైటు బండల గోదాముగా ఉన్న రేకుల షెడ్డు ఇప్పుడు క్లైంబింగ్ జిమ్ము అయింది. అప్పట్లో గోదాము మేనేజరు కూర్చున్న గదిలో ఈవేళ ఫైనల్స్‌కు వచ్చిన ఆరుగురు అమ్మాయిలను కూర్చోబెట్టారు. గోడకు హోల్డులు, అంటే పట్టుకుని ఎక్కే దిమ్మలు, బిగించి దారి ఎలా పెట్టారో, ముందు ఎక్కినవాళ్లు ఎక్కడ జారారో తర్వాతివాళ్లకు తెలియకూడదని అద్దాలకు పాత పేపర్లు అంటించారు. ఫోన్లు తీసేసుకున్నారు. తలుపు దగ్గర గీత అనే వాలంటీరు కుర్చీ వేసుకుని కూర్చుంది, బాత్రూముకు పోవాలన్నా ఆమె వెంట రావాల్సిందే. ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు, మధ్యలో గోడ తుడిచే టైము వేరే. పొద్దున అందరికంటే పైకి ఎక్కింది జోస్నా కాబట్టి ఆమెది ఆఖరి వంతు. అంటే ఈ గదిలో అందరికంటే ఎక్కువసేపు ఉండేదీ ఆమే.

సాయంత్రం అయింది కదా, కాలు ఉబ్బక ఏం చేస్తుంది. "చెప్పులు సాయంత్రం పూట కొనాలమ్మా, పొద్దటికీ ఇప్పటికీ కాలు అర నంబరు పెరుగుతది." ఈ మాట జోస్నా షాపులో రోజుకు పదిసార్లు అంటుంది. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో ఎదురుగా సందులో నర్సింహ సేటు చెప్పుల దుకాణం, అందులో పొద్దున పదింటి నుంచి ఆమె పని ముక్కూ ముఖం తెలియని మనుషుల కాళ్ల ముందు గొంతుక్కూర్చోవడం. కోచింగ్ సెంటర్ల పిల్లల కాళ్లు, హాస్టల్ మెట్లు ఎక్కీ దిగీ వేలి పక్కన కాయలు కాసినవి. కూరగాయల బండి తోసే ఆడవాళ్ల కాళ్లు, మడమలు పగిలి ఎండిన మడి నేలలా ఉండేవి. పెళ్లికూతుళ్ల కాళ్లు. కొలత పలక బయటికి తీయకుండానే ఆమెకు నంబరు తెలిసిపోతుంది. ఆరో నంబరు కాలు పెట్టుకుని ఐదు అడుగుతారు, వాడితే సాగుతది కదా అంటారు. సాగదమ్మా, కాలే ముడుచుకుంటది, అని ఆమె నవ్వుతూ ఆరు తెచ్చి తొడుగుతుంది. ఏడింటికి డ్యూటీ దిగి, మెట్రోలో ఎల్బీ నగర్ వచ్చి, అదే ఆరో నంబరు కాలును నాలుగో నంబరు షూలో దూర్చుకుంటుంది. ఈ సంగతి సేటుకు తెలిస్తే ఏమంటాడో. నవ్వుతాడు. నవ్వి, ఇంకెవరికీ చెప్పకు, షాపు పేరు పోతది అంటాడు.

తలుపు తెరుచుకుంది. మొదటి అమ్మాయిని పిలిచారు. తెరిచిన ఆ కాస్త సందులోంచి జనం గోల, మైకు, చేతులు జారకుండా రాసుకునే చాక్ పొడి వాసన ఒక్కసారిగా లోపలికి వచ్చి, తలుపు మూయగానే తెగిపోయాయి. ఏసీ మాత్రం ఆగకుండా గురక పెడుతోంది. ఇంకా ఐదుగురు. ఎవరూ ఎవరి కాళ్లూ చూడటం లేదు. అందరూ సాక్సులు వేసుకునే కూర్చున్నారు, పిలుపు వచ్చాకే విప్పుతారు. చేతుల మీద చర్మం చిరిగితే ఫోటో తీసి పెట్టుకునే పిల్లలు వీళ్లు. అరచేతిలో కాయలు అందరికీ చూపిస్తారు, కాళ్లు మాత్రం ఎవరికీ చూపించరు. ఎందుకో జోస్నాకు తెలుసు. ఇంట్లో ఆమె కూడా సాక్సులతోనే పడుకుంటుంది. చలి పెడ్తుందా బిడ్డా అని అమ్మ అడిగితే, దోమలు అని చెప్పింది. మూడేళ్లుగా దోమలే.

కుడికాలి సాక్సు పక్కన పడి ఉంది. ఆమె కాలిని చూసుకుంది. బొటనవేలు తన దారి వదిలి పక్క వేలి మీదికి ఒరిగిపోయింది. దాని మొదట్లో ఎముక నిమ్మకాయంత ఉబ్బి, పైన చర్మం మెరుస్తోంది. గోరు నలుపు. చిటికెన వేలి మీద ఆనెకాయ. నెల కిందట ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకుని లలితకుమారి డాక్టరు చాలాసేపు చూసింది, చైతన్యపురిలో మెట్రో పిల్లర్ పక్కన, కింద మందుల షాపూ పైన ఆమె క్లినిక్కూ. "ఏం పని చేస్తావమ్మా?" చెప్పుల షాపు, మేడమ్. డాక్టరు ఫిల్ము దించి ఆమె ముఖంలోకి చూసింది, ఎగతాళి చేస్తోందేమో అన్నట్టు. "ఈ కీలు ఇప్పటికే సగం బిగుసుకుపోయింది. ఇంకో ఏడాది ఆ షూ వేసుకుంటే ఇది వంగదు. అప్పుడు ఆపరేషన్. తర్వాత నువ్వు గొంతుక్కూర్చోలేవు." ఎక్కొద్దంటారా మేడమ్? "ఎక్కొద్దని నేనన్నానా? కాలికి సరిపోయేది వేసుకుని ఎక్కు." ఎంత తేలిగ్గా అంది. బయటికొచ్చి మెట్లు ఒక్కొక్కటే పక్కకు తిరిగి దిగుతూ, కాలికి సరిపోయేది, కాలికి సరిపోయేది అని తనలో తాను అనుకుంటూనే ఉంది. గొంతుక్కూర్చోలేకపోతే షాపులో పని లేదు. షూ మారిస్తే కోచ్ మధు సార్ దగ్గర చోటు లేదు.

రెండో అమ్మాయి వెళ్లింది. బయట ఎవరో అయ్యో అన్నారు, వందమంది కలిసి అన్నట్టు. త్వరగానే పడింది.

మధు సార్ మొదటిసారి ఆమెను చూసినప్పుడు కాళ్లకు ఏమీ లేవు. డిగ్రీ రెండో ఏడు, కాలేజీ వాళ్లు పెద్ద అంబర్‌పేట్ దాటాక హైవేకు దూరంగా ఉన్న గుట్టల దగ్గర చెట్లు నాటడానికి తీసుకుపోయారు. అక్కడ పిల్లలకు బండలెక్కడం నేర్పిస్తున్న మనిషి ఒకాయన టోపీ పెట్టుకుని అరుస్తున్నాడు. మధ్యాహ్నం తిండి తిన్నాక ఆమె చెప్పులు విడిచి ఏనుగు వీపులాంటి బండ మీదికి ఊరికే నడిచినట్టు ఎక్కిపోయింది. పైకి వెళ్లాకే కింద ఎంత ఎత్తుందో తెలిసింది. ఆ రాయి వేడి ఇప్పటికీ అరికాలిలో ఉంది, రవ్వ రవ్వగా, కాలివేళ్లు అయిదూ విప్పారి రాయిని పట్టుకున్న తీరు. దిగాక మధు సార్ ఆమె చేతులు తిప్పి తిప్పి చూశాడు. "ఈ పిల్లని నాకివ్వండి మాస్టారూ, ఏడాదిలో స్టేట్ ఆడిస్తాను" అన్నాడు వాళ్ల లెక్చరర్‌తో. చేతులే చూశాడు, కాళ్లు చూడలేదు. ఇప్పుడు ఆ గుట్టలు కూడా లేవు. పేల్చి చదును చేసి ప్లాట్లు వేశారు. పోయిన నెల అటు వెళ్తే ఆ ఏనుగు బండ ఉన్నచోట కమాను ఒకటి నిలబడి ఉంది.

ఆయన మంచివాడు. అక్కడే వస్తుంది చిక్కంతా. చెడ్డవాడైతే ఎప్పుడో వదిలేసి పోయేది. విజయవాడ వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన మనిషి, పెళ్లీ పిల్లలూ లేరు, ఈ గోడలే ఆయనకన్నీ. మూడేళ్లు ఒక్క రోజు కూడా ఫీజు మాట ఎత్తలేదు. అమ్మకు డెంగ్యూ వచ్చినప్పుడు దవాఖానకు వచ్చి ప్లేట్‌లెట్లు ఇచ్చింది ఆయనే. మంచం పక్కన నిలబడి, "బాలమ్మగారూ, మీ అమ్మాయి గురించి బెంగ పెట్టుకోకండి, నా బాధ్యత" అన్నాడు. అమ్మ లేవలేక పడుకునే చేతులు జోడించింది. ఆ మనిషికి ఎట్లా చెప్తావు? ఈ ఎర్ర షూలు ఆయన పెట్టెలోంచి తీసి ఇచ్చినప్పుడు గుడ్డలో చుట్టి ఉన్నాయి. పాత శిష్యురాలివి, నేషనల్స్‌లో పతకం తెచ్చినవి. "ఇవి తొడుక్కునే అర్హత ఇంతవరకు ఎవరికీ రాలేదు జోస్నా." అప్పుడు ఆమె కాళ్లు ముడుచుకుని, వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కించుకుని దూర్చింది. దూరాయి. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నొస్తున్నయి సార్ అంటే, "షూ అన్నాక బిగుతుగానే ఉండాలమ్మా, వేలు మడిస్తేనే చిన్న హోల్డ్ మీద నిలుస్తుంది. అందరికీ ఉండేదే." అందులో అబద్ధం కూడా ఏం లేదు. వేలు మడిచినప్పుడు ఆమె గోరంత అంచు మీద నిలబడింది. నొప్పిలోంచే నిలబడింది. గెలిచినప్పుడల్లా ఆ షూలే గెలిచాయి అనిపించేది, తను వాటిని మోసుకుని పైకి తీసుకెళ్లిన మనిషిలా.

మూడో అమ్మాయి, నాలుగో అమ్మాయి. ఎప్పుడు వెళ్లారో సరిగ్గా గుర్తు లేదు. మధ్యలో ఆమె తాతను తలుచుకుంది, అమ్మ వాళ్ల నాయనను. ఆమె ఎన్నడూ చూడని మనిషి, నల్లగొండ దిక్కు ఊళ్లో చెప్పులు కుట్టేవాడు. కొలత తీసుకునేవాడు కాదట, తడి మట్టిలో పడిన అడుగును చూసి కుట్టేవాడట. "మా నాయిన చెప్పు ఏసుకుంటే కాలికి ఏదన్న ఉన్నదని గూడ యాదికుండకపోయేది" అని అమ్మ ఎప్పుడో ఒకసారి అంది, వెంటనే చుట్టూ చూసి, "గీ ముచ్చట నీ షాపుల చెప్పకు బిడ్డా" అంది. అమ్మ ఇప్పుడు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటుంది. పని చేసే స్కూల్లో సెలవు పెట్టి, చర్చికి కట్టుకునే చీర కట్టుకుని, జీవితంలో మొదటిసారి కూతురు ఏం చేస్తుందో చూడటానికి వచ్చింది. మొదటి ముగ్గురిలో ఉంటే స్టేట్ టీము. టీములో ఉంటే కొత్త జిమ్ములో పిల్లలకు నేర్పే ఉద్యోగం, మధు సార్ మాట ఇచ్చాడు. ఇంక ఎవరి కాళ్ల ముందూ కూర్చునే పని లేదు. ఒక్క ఆరు నిమిషాలు. ఈ ఒక్కసారికి ఎలాగో దూరిస్తే. తర్వాత నేషనల్స్ ఉంటాయి కదా, అప్పుడూ ఒక్కసారే అనుకోవాలి. ఆ తర్వాత పిల్లల ముందు ఎక్కి చూపించాలి. ఒక్కసారి అనేది ఎక్కడ ఆగుతుందో ఆమెకు కనిపించలేదు. ఊపిరి తీసుకుంటే గదిలో గాలి అయిపోయినట్టు అనిపించింది. లేచి తలుపు దాకా కుంటుతూ వెళ్లింది.

"ఏంది అక్కా, బాత్రూమా?" అంది గీత.

"కాదు. జర తలుపు తెరుస్తవా, గాలికి?"

"తెరిస్తే గోడ కానొస్తది అక్కా. రూల్."

తిరిగి వచ్చి కూర్చుంది. అప్పుడు చూసింది, గదిలో తనూ సుష్మితా మాత్రమే మిగిలారు. సరూర్‌నగర్ పిల్ల, పదిహేడేళ్లు, ఆమె కూడా మధు సార్ శిష్యురాలే. వాళ్ల తాతకు ఒకప్పుడు చెరువు కింద పొలాలు ఉండేవి, ఇప్పుడు తండ్రికి ఫంక్షన్ హాలు ఉంది. ఏం కావాలంటే అది కొనుక్కోగల పిల్ల. కానీ ఆమె కళ్లు ఎర్ర షూల మీదే ఉన్నాయి.

"అక్కా, గవి నీ తర్వాత నాకే ఇస్తనన్నడు సార్."

సుష్మిత తలుపు వైపు చూసి, గీత చూడటం లేదని నిశ్చయించుకుని, గబగబా తన సాక్సు విప్పింది. తెల్లటి కాలు. చిటికెన వేలికి గోరు లేదు. బొటనవేలు ఇంకా తిన్నగానే ఉంది, కానీ దాని మొదట్లో పక్కకు, చింతగింజంత ఎర్రగా, చిన్న ఉబ్బు.

"గిది మొన్నటి సంది అయింది. సార్‌కు చెప్తే అందరికీ ఉండేదే అన్నడు. నీక్కూడ మొదట గిట్లనే ఉండెనా అక్కా?"

జోస్నా చేయి దానంతట అదే వెళ్లి ఆ కాలిని పట్టుకుంది. మడమ అరచేతిలో, తన చేతి బొటనవేలు ఆ కాలి కణుపు మీద, షాపులో పట్టుకున్నట్టే. ఐదున్నర. వెడల్పు కాలు. ఈ కాలు నాలుగో నంబరులోకి పోవాలంటే ఏం జరగాలో ఆమెకు ఎముక ఎముకగా తెలుసు. చెప్పాలి. ఏం చెప్పాలి? కొత్తగా వచ్చే పిల్లలు భయపడితే ధైర్యం చెప్పమన్నాడు సార్, చెప్తూనే ఉంది మూడేళ్లుగా, పోతది, అలవాటైతది, రాత్రి ఉప్పునీళ్లల్ల పెట్టు. ఎంతమందికి చెప్పింది? చెప్పిన ప్రతి ఒక్కరూ ఆమె గోడ మీద నిలబడిన తీరు చూసి నమ్మారు. నోరు తెరిచింది. అంతలో తలుపు తెరుచుకుంది.

"చెస్ట్ నంబర్ తొమ్మిది. సుష్మిత."

సుష్మిత సాక్సు జేబులో కుక్కుకుని, తన షూలు చేత్తో పట్టుకుని, జవాబు కోసం ఒక్క క్షణం ఆగి, వెళ్లిపోయింది.

ఒక్కతే అయింది. బయట మైకు సుష్మిత పేరు చెప్పింది, జనం అరిచారు. జోస్నా ఎర్ర షూను రెండు చేతులతో పట్టుకుంది, పాదం లోపలికి తోసింది. దూరింది అనుకుంది. లేచి నిలబడింది, నిలబడగానే కాలి కింద నేల ఉన్నట్టే తెలియలేదు, ఒకే ఒక్క మేకు మీద నిలబడినట్టు ఉంది. అడుగు వేయబోయి గోడ పట్టుకుంది. చాలు, చాలు తల్లీ అన్నది ఎవరు? తనే. చెమటలో చేతులు జారుతుంటే రెండు షూలూ లాగేసింది. బ్యాగు అడుగున, టవలు కింద, నీలం షూలు ఉన్నాయి. జిమ్ములో కిరాయికి ఇచ్చే షూలు పాతబడితే మూట కట్టి పారేశారు, అందులోంచి ఏరి తెచ్చుకున్నవి. మగవాళ్ల ఆరో నంబరు, వెడల్పువి. డిపో దగ్గర చెప్పులు కుట్టే ఆయనతో అడుగున రబ్బరు వేయించింది. నెల రోజులుగా ఆదివారాలు ఎవరూ రానప్పుడు వాటితో ఎక్కింది. గోరంత అంచుల మీద అవి నిలవవు, ఆ సంగతి ఆమెకు తెలుసు. ఓడిపోవచ్చు. అమ్మ ముందు, సార్ ముందు. ఎందుకు తెచ్చుకున్నావు మరి ఇంట్లోంచి, పొద్దున బ్యాగులో పెడుతున్నప్పుడు ఏమనుకున్నావు? ఏమీ అనుకోలేదు. చేతులే పెట్టాయి.

బయట పెద్దగా చప్పట్లు. చాలాసేపు. సుష్మిత బాగా పైకి పోయింది.

"చెస్ట్ నంబర్ పన్నెండు. జోస్నా."

లైట్లు ముఖం మీద పడ్డాయి. గోడ పైకప్పు దాకా ముందుకు వాలి ఉంది, మీద పడబోతున్నట్టు. తాడు కట్టుకుంటుంటే బారికేడు అవతల మధు సార్ కనిపించాడు. ఆయన చూపు ఆమె చేతుల మీంచి కిందికి జారి కాళ్ల దగ్గర ఆగింది. ముఖం మారిపోయింది. మాట్లాడకూడదు, రూలు, అయినా పెదాలు కదిలాయి: ఎవరివి అవి? ఆమె తల తిప్పేసుకుంది. మొదటి హోల్డు పట్టుకుంది. కాలు పెట్టింది. వేళ్లు అయిదూ షూలో పరుచుకున్నాయి, విడివిడిగా, ఒక్కొక్కటీ తన బరువు తాను మోస్తూ. కాలిలో నొప్పి లేదన్న సంగతి ముందు భయంలా వచ్చింది, ఏదో మరిచిపోయి వచ్చినట్టు. ఎక్కింది. పదో హోల్డు, పదిహేనోది, వాలు గోడ మీద మడమ ఎత్తి కొక్కెంలా తగిలించింది, ఊపిరి తీసుకుంది, ఊపిరి తీసుకోవడానికి తీరిక ఉందని ఆశ్చర్యపోయింది. ఇరవై. కింద జనం లేరు, ఏసీ లేదు. ఇరవై రెండో దగ్గర కాలు పెట్టడానికి బియ్యపు గింజంత అంచు ఒకటే ఉంది. మడిచిన వేలైతే దాన్ని కరిచి పట్టేది. నీలం షూ దాని మీద ఒక్క క్షణం నిలిచింది, ఆమె చేయి పైనున్న హోల్డును తాకింది కూడా, వేళ్లు మూసుకోబోతుండగా కాలు మెత్తగా జారిపోయింది. తాడు ఆమెను ఆపింది. గాలిలో ఊగుతూ ఉంది.

నాలుగో స్థానం. సుష్మిత మూడో స్థానం, ఒక్క హోల్డు తేడా.

జనం కుర్చీలు మడుస్తుంటే మధు సార్ వచ్చాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఆ షూ వేసుకుని ఉంటే రెండోది నీదే" అన్నాడు మెల్లిగా. నిజమే. అది నిజమని ఆమెకు ఆయన కంటే ఎక్కువ తెలుసు. చర్చి చీరలో అమ్మ వచ్చి పక్కన నిలబడింది, కూతురి చేతికి అంటిన చాక్ పొడి కొంగుతో తుడుస్తోంది. సుష్మిత మెడలో పతకంతో వచ్చింది. మధు సార్ చేయి చాచాడు. "ఆ ఎర్ర షూలు ఇలా ఇవ్వమ్మా. నేషనల్స్‌కి ఈ పిల్లకి పనికొస్తాయి."

బ్యాగు జిప్పు మీద ఆమె చేయి ఆగింది. ఆయనవే కదా, ఇచ్చేయాలి. తీసింది. ఇచ్చింది. ఆయన వాటిని సుష్మిత చేతిలో పెట్టాడు. అప్పుడు జోస్నా అక్కడే, చాప మీద కూర్చుని, కుడికాలి షూ విప్పి, సాక్సు విప్పింది. లైట్లు ఇంకా ఆర్పలేదు. కాలు ముందుకు చాచింది.

"ఇందాక అడిగినవ్ గద సుష్మితా. మొదట గంతే ఉండె, చింతగింజంత. పోతదని నేను గూడ అనుకున్న. మూడేండ్లకు గిట్లయింది. చూడు."

అమ్మ గొంతులోంచి మాట కాని చప్పుడు ఒకటి వచ్చింది. కింద కూర్చుండిపోయి, ఆ కాలిని ఒళ్లో పెట్టుకుంది. సుష్మిత కాలినీ, చేతిలో షూలనూ మార్చి మార్చి చూసింది. ఆమె వైపు చూడలేదు జోస్నా. మధు సార్ వైపు చూసింది, ఏమన్నా అంటాడేమోనని. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, మూడేళ్లలో మొదటిసారి ఆమె కాలి వైపు చూస్తున్నాడు.